చాడ్విక్స్ 477 దొరకని కాలంలో జేమీసన్స్ 'ఆయిస్టర్' ఊలు: గ్రేలింగ్ గాలానికి పనికొస్తుందా?

సరుకు వివరాలు ముందు. జేమీసన్స్ ఆఫ్ షెట్లాండ్ వాళ్ళ స్పిండ్రిఫ్ట్ ఊలు, రంగు పేరు ఆయిస్టర్, నంబరు 290. ఉండ 25 గ్రాములు, 105 మీటర్లు, రెండు పోగుల పురి, మొత్తం గొర్రె ఊలే. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో శాండ్‌నెస్ అనే ఊళ్ళో వీళ్ళ మిల్లు. స్వెట్టర్లు అల్లుకునేవాళ్ళ కోసం వచ్చే ఈ ఉండను ఫ్లై ఫిషింగ్ (ఎర బదులు, పురుగులా కట్టిన గాలంతో చేపలు పట్టడం) చేసేవాళ్ళు ఎందుకు ఎగబడి కొంటున్నారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో ఏవన్ నది ఎగువ భాగానికి ఫ్రాంక్ సాయర్ (1906–1980) దశాబ్దాల పాటు నదీ కాపరి. అక్కడికి వచ్చే దొరలకు కావలసింది ట్రౌట్ చేప. అదే నీళ్ళలో ఉండే గ్రేలింగ్ చేప వాళ్ళ లెక్కలో వరిలో కలుపు లాంటిది. ఆ కలుపు తీయడానికి సాయర్ ఒక గాలం కట్టాడు. ఈకలు లేవు, దారం లేదు. రాగి తీగ, దాని మీద ఊలు, అంతే. పేరు కిల్లర్ బగ్. అయితే ఊలు ఏది పడితే అది కాదు. మేజోళ్ళు రఫ్ఫు చేసుకోవడానికి అట్టలకు చుట్టి అమ్మే చాడ్విక్స్ 477. 1960లలో దాని తయారీ ఆగిపోయింది. కలుపు అనిపించుకున్న గ్రేలింగ్‌కు ఇప్పుడు 1977లో పుట్టిన గ్రేలింగ్ సొసైటీ అండగా ఉంది. గాలం మిగిలింది, ఊలే లేదు. పాత అట్ట ఎక్కడైనా వేలానికి వస్తే కట్టేవాళ్ళు కొట్టుకున్నంత పని చేస్తారు.

ఆ ఖాళీలోకి వచ్చిందే ఆయిస్టర్ 290.

రంగు

పొడి ఉండను చూసి నిర్ణయానికి రావద్దు. పొడిగా ఉన్నప్పుడు ఇది లేత గోధుమ రంగు, ఇంకా చెప్పాలంటే పాలు ఎక్కువైన టీ. బల్బు వెలుగులో అయితే మరీ నిస్సారంగా కనిపిస్తుంది. అసలు పరీక్ష నీళ్ళలో. నల్లటి గిన్నెలో నీళ్ళు పోసి కిటికీ దగ్గర పగటి వెలుగులో పెట్టండి. రాగి తీగ చుట్టిన గాలం మీద ఊలు కట్టి అందులో వేసి రెండు నిమిషాలు ఆగండి. గోధుమ రంగు ముదిరి, లోపలినుంచి గులాబీ ఛాయ పైకి వస్తుంది. ఆ ఛాయలో సగం ఊలుది, సగం కింది రాగిది. అందుకే ఇదే ఊలును నల్ల దారం మీదో, సీసం తీగ మీదో కడితే ఫలితం మట్టిముద్దలా ఉంటుంది. తప్పు ఊలుది కాదు.

గులాబీ ఎందుకంటే, సాయర్ గాలం పోలింది గామరస్ అనే మంచినీటి చిరు రొయ్యను. పేరుకే రొయ్య. వేలి గోరంత ఉండి, ఒక పక్కకు ఒరిగి ఈదుతుంది. బతికి ఉన్నప్పుడు బూడిద కలిసిన పాచి రంగు, చచ్చాక మన కూరలో రొయ్యలాగే ఎర్రబారుతుంది. కొన్నిటి ఒంట్లో ముళ్ళతల పరాన్నజీవి చేరి, పైనుంచి నారింజ చుక్కలా కనిపిస్తుంది. అలాంటి రొయ్య రాయి కింద దాక్కోవడం మాని నీటి ఒరవడిలోకి వచ్చి చేప నోట పడుతుంది. కాబట్టి గ్రేలింగ్‌కు ఎర్రటి ఛాయ అంటే సులువుగా దొరికే తిండి. బగ్ రంగు గులాబీకి ఒక మెట్టు ఇవతల ఆగాలి. ఆయిస్టర్ సరిగ్గా అక్కడే ఆగుతుంది. రంగుకు పదికి తొమ్మిది.

కట్టే ముందు ఉతకాలి

ఈ మాట ఉండ మీద రాసి ఉండదు, చాలామంది తప్పేది ఇక్కడే. మిల్లునుంచి వచ్చిన ఊలులో నూనె ఉంటుంది, ఊలు సహజపు జిడ్డు కొంత, వడికేటప్పుడు పట్టించింది కొంత. అల్లేవాళ్ళకు అది సుఖం. మనకు కాదు. జిడ్డు ఉన్నంతసేపూ నీరు లోపలికి పోదు, బగ్ బుడగలు పట్టుకుని పైపైన తేలుతుంది. 'ఈ ఊలు మునగదు' అని వినిపించే ఫిర్యాదు చాలావరకు ఉతకని ఊలు గురించే.

ఐదు మీటర్లు చిలపగా చుట్టి, రెండు చోట్ల వదులుగా ముడెయ్యండి. గోరువెచ్చని నీళ్ళలో అంట్లు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి పది నిమిషాలు నాననివ్వండి. రుద్దొద్దు, పిండొద్దు. వేడి నీళ్ళలో రుద్దిన ఊలు గడ్డకట్టి నమదాలా తయారవుతుంది, తర్వాత పోగు విడదు. రెండుసార్లు మంచినీళ్ళలో జాడించి, తువ్వాలు మధ్య నొక్కి, నీడన ఆరబెట్టండి. ఉతికిన ఊలు కాస్త విచ్చుకుని సన్నటి నూగు లేస్తుంది. నీళ్ళలో కాళ్ళలా కదిలేది ఆ నూగే. ఈ ఒక్క పనితో బగ్ నాణ్యత ఒక తరగతి పెరుగుతుంది.

కట్టడం

రెండు పోగులతో అలాగే కడితే నంబర్ 10 గాలానికి సరిపోతుంది. 12కు లావు, 14కు మరీ లావు. చిన్న గాలాలకు పురి విప్పి ఒక్క పోగే వాడాలి. చికాకంతా ఇక్కడే. ఒంటి పోగుకు బలం తక్కువ, గట్టిగా లాగితే మధ్యలో జారి విడిపోతుంది. పైగా గాలం చుట్టూ వేసే ప్రతి చుట్టుకు పోగులో పురి ఒకటి పెరుగుతుంది లేదా తగ్గుతుంది. చుట్టుతున్నకొద్దీ పోగు చదునుగా, దూదిలా అవుతోందంటే పురి తగ్గుతోందన్నమాట. ఆగి, రెండు వేళ్ళ మధ్య ఆ పోగును మళ్ళీ మెలిపెట్టి ముందుకు సాగండి. అలవాటయ్యాక వేళ్ళు వాటంతటవే ఆ పని చేస్తాయి. అప్పటిదాకా మొదటి పది బగ్గులు నేర్చుకోవడానికే అనుకోండి. కట్టుకోవడంలో సౌకర్యానికి పదికి ఆరే ఇస్తాం.

నంబర్ 12కు వరస ఇది. మందపు తీగ గాలం తీసుకుని వైస్‌లో (గాలాన్ని పట్టి ఉంచే బిగింపులో) పెట్టే ముందే గాలం మొన వెనక ఉండే చిన్న ముల్లును ప్లయర్‌తో నొక్కేయండి. గాలం విరిగేదైతే అప్పుడే విరుగుతుంది, కష్టపడి కట్టాక కాదు. 0.2 మిల్లీమీటర్ల రాగి తీగను బెజ్జం (గాలానికి దారం కట్టే రంధ్రం) వెనక ఒక మిల్లీమీటరు ఖాళీ వదిలి మొదలుపెట్టి, చుట్టు పక్కన చుట్టు ఆనేలా వంపు దాకా వెళ్ళి, అదే బిగువుతో వెనక్కి బెజ్జం దగ్గరికి రండి. అక్కడ ఊలు కొసను నాలుగు చుట్లతో బిగించి, తీగను ఎడంగా చుట్టుకుంటూ వంపు దగ్గరికి తెచ్చి వేలాడనివ్వండి. ఇప్పుడు ఊలు: బెజ్జం నుంచి వంపుకు, వంపు నుంచి బెజ్జానికి, మళ్ళీ వంపుకు. మూడు పొరలు. రెండో పొరను రెండు చివర్లకూ రానివ్వకుండా మధ్యలోనే ఆపి తిప్పితే ఒళ్ళు చుట్టకుదురులా కాక పొగాకు చుట్టలా, చివర్లు సన్నగా వస్తుంది. వంపు దగ్గర తీగతో ఊలు మీద ఐదు చుట్లు, రెండు హాఫ్ హిచ్ ముళ్ళు. తీగను కత్తిరించొద్దు, అటూ ఇటూ ఊపితే ముడి దగ్గరే తెగుతుంది. కత్తిరించిన కొస వేలికీ గుచ్చుకుంటుంది, గాలం కట్టే సన్నటి కొస దారమైన టిప్పెట్‌నూ కోస్తుంది.

నంబర్ 14కు రెండు పొరలే చాలు. అయితే లెక్క తిప్పుకోవాలి. రెండు పొరలు బెజ్జం దగ్గర మొదలుపెడితే బెజ్జం దగ్గరే ముగుస్తాయి, తీగేమో వంపు దగ్గర ఉంటుంది. కాబట్టి ఊలు కొసను వంపు దగ్గర బిగించి అక్కడే మొదలుపెట్టండి.

ఒక్కో బగ్‌కు ఒంటి పోగు పాతిక సెంటీమీటర్లు పడుతుంది. ఉండ పురి విప్పితే 210 మీటర్లు, అంటే ఎనిమిది వందల పైచిలుకు బగ్గులు. ఒక మనిషికి జన్మకు సరిపడా. నలుగురు కలిసి ఒక ఉండ కొని పంచుకోవడం తెలివైన పని.

కట్టాక తరచూ కనిపించే జబ్బులు మూడు. బెజ్జంలో నూగు చేరి టిప్పెట్ దూరదు. సూదితో గుచ్చి లాగేయండి, నది ఒడ్డున చలికి కొంకర్లు పోయే వేళ్ళతో కాదు, ఇంట్లోనే. తోక దగ్గర తీగ సడలి ఊలు ఊడుతుంది. తీగ మీద మాత్రమే సూదిమొన అంత సూపర్ గ్లూ పెట్టాలి. మూడోది, గట్టిదనం కోసం ఊలంతా వార్నిష్ పూయడం. వార్నిష్ తాగిన ఊలు ముదురు గోధుమై అలాగే ఉండిపోతుంది, నీళ్ళలో మారడానికి ఇక రంగే మిగలదు.

నీళ్ళలో

ఇంగ్లండ్, వేల్స్ నదుల్లో గ్రేలింగ్ పట్టే కాలం జూన్ 16 నుంచి మార్చి 14 వరకు. ట్రౌట్ సీజన్ ముగిసి, నీరు చల్లబడే అక్టోబరు, నవంబరు దీనికి అసలు రోజులు. వేసవిలో చెల్లాచెదురుగా తిరిగిన గ్రేలింగ్ గుంపులు కట్టి, నడుము లోతు నుంచి ఆపైన ఉండే, ఒకే వడితో సాగే నీళ్ళలోకి చేరతాయి. ఒకటి దొరికిన చోట ఇంకా ఉంటాయి, కదలొద్దు. మంచు పడిన ఉదయాలు త్వరపడనక్కర్లేదు. పదకొండు నుంచి మూడు వరకు చాలు. మధ్యాహ్నం ఆలివ్ ఈగలు లేచి చేపలు పైకి వస్తుంటే బగ్ పక్కన పెట్టి నీటి మీద తేలే డ్రై ఫ్లై కట్టండి. ఎంత మంచి ఊలైనా ఆ గంటలో దండగ.

మిగతా సమయమంతా బగ్‌దే. పది అడుగుల, 3 వెయిట్ (తేలిక లైనుకు సరిపడే) రాడ్, 0.12 నుంచి 0.14 మిల్లీమీటర్ల టిప్పెట్. వాలుగా ఎగువకు విసిరి, లైను నీళ్ళకు తగలకుండా ఎత్తి పట్టుకుని, బగ్ వచ్చే వేగానికే రాడ్ కొసను దిగువకు తీసుకురావాలి. లైను లాగిందో, పైనీటి వడికి బగ్ అడుగు నీటి కంటే వేగంగా పోతుంది, గ్రేలింగ్ దాని మొహం చూడదు. కాటు గుంజినట్టు తెలియదు. లైను కొసన కట్టే లీడర్ దారంలోని రంగు ముక్క ఒక్క క్షణం ఆగుతుంది, అంతే. ఆగిన ప్రతిసారీ కొస లేపండి; పదిలో ఏడు రాయో ఆకో అవుతుంది, ఫర్వాలేదు. చేప కనిపించే తేట నీళ్ళలో సాయర్ పద్ధతి వేరు: బగ్‌ను చేపకు ముందు మునగనిచ్చి, దాని మూతి దగ్గరికి రాగానే కొసను జానెడు పైకి లేపడం. పారిపోతున్న రొయ్య అనుకుని మీద పడుతుంది.

ఈ గాలం హద్దులు కూడా చెప్పాలి. పూస లేని బగ్‌కు రాగి బరువు ఒక్కటే ఆధారం. మోకాలు నుంచి నడుము లోతు, మధ్యరకం వడి, ఇక్కడ దీనికి సాటి లేదు. మృదువుగా దిగుతుంది, గులకరాళ్ళ మధ్య దిగబడదు. ఛాతీ లోతు మడుగుల్లో మాత్రం అడుగుకు చేరేలోపే మీ ముందునుంచి దాటిపోతుంది. అక్కడ కొసన 3 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ పూస ఉన్న నింఫ్ (నీటి పురుగు పిల్లను పోలిన గాలం) కట్టి, దానికి అరమీటరు పైన డ్రాపర్ (పక్కకు వదిలిన పొట్టి దారం) మీద బగ్ పెట్టండి. బరువు పని పూసది, నమ్మించే పని బగ్‌ది. వానకు నీరు టీ రంగుకు తిరిగినప్పుడు ఆయిస్టర్ కనిపించదు. ముదురు గులాబీ ఊలు వేరే ఉంచుకోండి. ఇంకోటి, తొలి గట్టి మంచు తర్వాత వచ్చే ఆకు రాలే వారం. ప్రతి విసురుకూ గాలానికి ఆకు. దానికి ఊలుదీ తప్పు కాదు, మనదీ కాదు. చెట్లు తక్కువ ఉన్న ఎగువ భాగానికి పోవడమే మార్గం.

గ్రేలింగ్ నోరు కిందివైపుకు తిరిగి, చిన్నగా ఉంటుంది. తగిలాక నీటి వడిలో ఒళ్ళు మెలితిప్పుతుంది, పెద్ద వెన్ను రెక్కను తెరచాపలా విప్పుతుంది. రాడ్ నిటారుగా ఎత్తి లాగితే గాలం జారిపోవడం ఖాయం. పక్కకు, తక్కువ ఎత్తులో పట్టండి. వలలోకి వచ్చాక తల ఎగువకు ఉండేలా నీళ్ళలోనే పట్టుకుని, దానంతటది తోక కొట్టి వెళ్ళేదాకా ఆగాలి. ట్రౌట్ కంటే దీనికి ఊపిరి కుదురుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. ముల్లు నొక్కిన గాలం విలువ అప్పుడు తెలుస్తుంది. ఇంగ్లండ్ నదుల్లో రోజుకు 30 నుంచి 38 సెంటీమీటర్ల మధ్యవి రెండు తీసుకెళ్ళొచ్చని నిబంధన, కానీ చాలా క్లబ్బులు అన్నీ వదిలేయాల్సిందేనంటాయి. శరదృతువు చివర్లో ట్రౌట్, సాల్మన్ గుడ్లు పెడతాయి. పాచి పట్టిన అడుగు మధ్యలో శుభ్రంగా, తెల్లగా తోమినట్టు కనిపించే గులకరాళ్ళ పట్టీ ఉంటే అది గూడు. అందులో కాలు పెట్టకండి.

ఇంగ్లండ్‌లోని రెడింగ్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళకు ఒక మాట. కెన్నెట్ నది మీ పక్కనే. హంగర్‌ఫోర్డ్ దాకా రైలు ఉంది, ఆ ఎగువ నీళ్ళలో గ్రేలింగ్ ఉంది. రాడ్ లైసెన్స్ తీసుకున్నంత మాత్రాన ఎక్కడపడితే అక్కడ గాలం వేయకూడదు. ఒడ్డు ఎవరిదో వాళ్ళ దగ్గర డే టికెట్ విడిగా కొనాలి.

ఇతర సరుకులతో పోలిస్తే

'477కు బదులు' అని టాకిల్ షాపుల్లో (గాలాల సరుకు అమ్మే దుకాణాల్లో) చిన్న అట్టలు అమ్ముతారు. వాటిలో సుఖం ఒకటి ఉంది: పోగు మొదటే సన్నం, నైలాన్ కలిసినవైతే తెగవు, పురి విప్పే బాధ ఉండదు. కష్టం రంగుది. కొన్ని తడిశాక ఖాకీ అవుతాయి, కొన్ని బూడిద. కొని, తడిపి, అప్పుడు నమ్మండి. మీటరు లెక్కన చూస్తే ధరలో పోలికే లేదు, ఉండే చవక. ఏడాదికి పది బగ్గులు మాత్రమే కట్టుకునేవాళ్ళకు అట్ట చాలు, ఇంట్లో 25 గ్రాముల ఊలు పురుగుకు పెట్టుకోవడం ఎందుకు. కట్టిన బగ్గులు కొనేవాళ్ళు దుకాణంలోనే ఒకదాన్ని తడిపి చూపించమని అడగండి. చాలావాటిలో రాగి ఉండదు, ముందు దారం తల ఉంటుంది, ఊలు కింద ఏముందో పైకి తెలియదు.

ఆయిస్టర్ ఆన్‌లైన్‌లో ఊలు దుకాణాల్లో దొరుకుతుంది. పేరు ఒక్కటే కాక 290 నంబరు సరిచూసుకోండి. లేత గోధుమ రంగులు ఆ కంపెనీకే బోలెడున్నాయి, స్క్రీన్ మీద అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అద్దకం విడతను బట్టి ఛాయ కొద్దిగా మారొచ్చు కాబట్టి, నచ్చిన ఉండ లేబుల్ పారేయకుండా దాచండి.

ఉండను జిప్ కవర్లో ఉంచాలి, ఊలు పురుగుకు ఇది విందు భోజనం. కలరా ఉండలు మాత్రం వెయ్యొద్దు, ఆ వాసన ఉతికినా వదలదు. వాడిన బగ్గులను తడిగా డబ్బాలో మూసేస్తే వారానికి గాలం తుప్పు పట్టి, ఊలు వంపు దగ్గర ఇటుక రంగు మరక తేలుతుంది. నదినుంచి రాగానే డబ్బా మూత తెరిచి రాత్రంతా అలాగే ఉంచండి.